హ్యారీ పాటర్ సిరీస్‌లో ఏం మారుతుంది? ఫ్యాన్స్ ఊహలూ, వాటి వెనకున్న లెక్కలూ

ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది ఇప్పుడు పాటర్ ఫ్యాన్స్ పరిస్థితి. ఆ పుస్తకాల మీద తీస్తున్న కొత్త టీవీ సిరీస్ ఒక్క ఎపిసోడ్ కూడా చూడలేదు, కానీ టీచర్ స్నేప్‌ని పాడు చేశారని ఒకళ్ళు, హ్యారీ స్నేహితుడు రాన్‌కి ఈసారైనా న్యాయం జరుగుతుందని ఇంకొకళ్ళు, పుస్తకంలో లేని సీన్లు పెడితే చూడనే చూడనని మరొకళ్ళు, తీర్పులన్నీ ముందే వచ్చేశాయి. నేనూ ఆ గుంపులో మనిషినే, సెట్ నుంచి ఒక ఫోటో బయటికొస్తే జూమ్ చేసి వెనకాల గోడ మీద ఏముందో చూసే రకం. కాకపోతే పాత సినిమాల్లో ఏమేం మార్చారో, ఎందుకు మార్చారో కూర్చుని చూసుకుంటూ వస్తే నాకు ఒకటి అర్థమైంది. మనం ప్రతి మార్పునీ "వీళ్ళకి పుస్తకం మీద గౌరవం ఉందా లేదా" అన్న ఒక్క ప్రశ్నతోనే కొలుస్తాం, నిజానికి చాలా మార్పులకి గౌరవంతో సంబంధమే లేదు. ఎంత టైమ్ ఉంది, పిల్లలు రోజుకి ఎన్ని గంటలు పని చేయొచ్చు, కథ ఎవరి కళ్ళతో చెప్తున్నారు, ఇవాళ తీసేసింది మూడేళ్ళ తర్వాత అవసరం పడుతుందా, ఇలాంటి లెక్కలే ఎక్కువ. ఆ లెక్కలు తెలిస్తే ఏ పుకారు నమ్మొచ్చో, ఏది నవ్వి వదిలేయాలో కాస్త తేలికవుతుంది.

పుస్తకాలు చదవనివాళ్ళు ఎవరైనా ఉంటే ఇక్కడే ఆగిపోండి, కింద అన్నీ స్పాయిలర్లే.

ముందు ఖాయంగా తెలిసినవి. 2023 ఏప్రిల్‌లో ఈ సిరీస్ ప్రకటించారు, పుస్తకాలకి నమ్మకంగా ఉండే అడాప్టేషన్ అనీ, దాదాపు పదేళ్ళు నడుస్తుందనీ అన్నారు. అమెరికా టీవీ సంస్థ హెచ్‌బీఓ తీస్తోంది, పుస్తకాలు రాసిన రౌలింగ్ ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్లలో ఒకరు. షోరన్నర్, అంటే సిరీస్ మొత్తం నడిపించే మనిషి, ఫ్రాన్సెస్కా గార్డినర్, డైరెక్టర్లలో ముఖ్యమైన పేరు మార్క్ మైలోడ్. డంబుల్డోర్‌గా జాన్ లిత్‌గో, మెక్‌గోనగల్‌గా జానెట్ మెక్‌టీర్, స్నేప్‌గా పాపా ఎస్సియేడు, హాగ్రిడ్‌గా నిక్ ఫ్రాస్ట్. హ్యారీ, రాన్, హెర్మయొనీ వేసే ముగ్గురు పిల్లల్నీ 30 వేల మందికి పైగా ఆడిషన్ల నుంచి ఎంచుకున్నారు. షూటింగ్ 2025 జూలైలో లండన్ దగ్గర లీవ్స్‌డెన్‌లో మొదలైంది, పాత సినిమాలు తీసిందీ ఆ స్టూడియోలోనే. పాత సినిమాల్లో ఫ్లిట్‌విక్ వేసిన వార్విక్ డేవిస్ మళ్ళీ అదే పాత్రకి వస్తున్నారు. చర్చలన్నీ ఈ కాస్త సమాచారం మీదే నడుస్తున్నాయి, మిగతాదంతా మన బుర్రల్లోంచి వచ్చిందే.

ఆ "నమ్మకంగా" అన్న మాట దగ్గరే అసలు గొడవ మొదలవుతుంది, ఎందుకంటే ఆ మాటకి ఒక్కో ఫ్యాన్ ఒక్కో అర్థం చెప్తాడు. ఒకడికి ప్రతి సీనూ ఉండటం, ఇంకొకడికి డైలాగులు మారకపోవడం, మరొకడికి పాత్ర స్వభావం చెడకపోవడం. వీటిలో రెండు ఒకదానికొకటి అడ్డం పడతాయి కూడా, ప్రతి సీనూ ఉన్నది ఉన్నట్టు పెట్టి పాత్రని చంపేయొచ్చు, సగం సీన్లు మార్చి పాత్రని నిలబెట్టొచ్చు. మన కవిత్రయం భారతం వ్యాసుడికి మక్కీకి మక్కీ కాదు, అయినా దాన్ని ఎవరూ మోసం అనలేదు కదా.

సరే, టైమ్ లెక్క చూద్దాం. సినిమాలకి ఉన్న పెద్ద రోగం ఇదే. మొదటి పుస్తకం 17 అధ్యాయాలు, సినిమా 152 నిమిషాలు, అంటే దాదాపు అంతా పట్టింది. అయిదో పుస్తకం 38 అధ్యాయాలు, సిరీస్ మొత్తంలో పెద్దది, మొదటి దానికి మూడు రెట్లు పైనే ఉంటుంది, దాని సినిమా మాత్రం 138 నిమిషాలు. అంటే పుస్తకం మూడింతలు పెరిగితే సినిమా పావుగంట తగ్గింది! కట్టె కొట్టె తెచ్చె అని రామాయణం చెప్పినట్టు అయిపోయింది, ఆ సినిమాలో అసలు ఒక్క క్విడిచ్ (చీపుర్ల మీద ఎగురుతూ ఆడే ఆట) మ్యాచ్ కూడా లేదు, రాన్ కీపర్ అవ్వడం, భయంతో వణకడం, ఆఖరికి గెలవడం, అదంతా గాలికి పోయింది. నాలుగో పుస్తకాన్ని రెండు సినిమాలుగా తీద్దామని ఒక దశలో అనుకుని చివరికి ఒకదాంట్లోనే కుక్కేశారు. కాబట్టి "ఈసారి సిరీస్ కదా, టైమే టైమ్, అన్నీ ఉంటాయి" అని ఫ్యాన్స్ సంబరపడుతున్నారు.

ఇక్కడే నాకు ఒక తేడా కనిపిస్తోంది, ఎక్కువమంది పట్టించుకోనిది. ఒక పుస్తకానికి ఒక సీజన్ చొప్పున ఇచ్చారనుకోండి, మొదటి పుస్తకం యూకే ఎడిషన్ 223 పేజీలు, అయిదోది 766. రెండింటికీ ఇంచుమించు ఒకే సంఖ్యలో ఎపిసోడ్లు ఉంటే మొదటి సీజన్‌లో కథ చాలదు, అయిదో సీజన్‌లో చోటు చాలదు. అంటే మొదటి రెండు సీజన్ల మీద మన గొడవ "ఇది పుస్తకంలో లేదు కదా" అని ఉంటుంది, తర్వాత సీజన్లకి వచ్చేసరికి "అది పుస్తకంలో ఉంది కదా" అని తిరగబడుతుంది. రెండూ ఒకే జబ్బుకి రెండు లక్షణాలు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో "కొత్త సీన్లు రాస్తున్నారట, అయిపోయింది మన పని" అని గుండెలు బాదుకునేవాళ్ళు ఒకసారి మొదటి పుస్తకం తీసి చూడండి, అక్టోబర్ ఎలా గడిచిందో నవంబర్ ఎలా గడిచిందో చాలా చోట్ల ఒకట్రెండు వాక్యాల్లో తేల్చేస్తుంది. ఆ వాక్యాలు సీన్లుగా సాగుతాయి, సాగకపోతే సీజన్ నిండదు.

మొదటి సినిమాలో తప్పిపోయినవి తిరిగి రావడం మాత్రం దాదాపు గ్యారంటీ అనుకోవచ్చు. ఆఖర్లో పోషన్ సీసాల పొడుపుకథ ఉంటుంది కదా, మంత్రం కాకుండా లాజిక్‌తో హెర్మయొనీ విప్పేది, అది సినిమాలో లేదు. డ్రాగన్ పిల్ల నార్బర్ట్‌ని అర్ధరాత్రి టవర్ ఎక్కించి చార్లీ స్నేహితులకి అప్పగించే సీన్ లేదు, ఒక్క మాటలో తేల్చేశారు. క్విడిచ్ మ్యాచ్‌కి స్నేప్ రెఫరీగా రావడం లేదు. ఇక హాగ్వార్ట్స్ స్కూల్లో తిరిగే అల్లరి దయ్యం పీవ్స్ సంగతి మరీ విచిత్రం, రిక్ మేయల్ అనే కమెడియన్‌తో షూట్ కూడా చేశారు, ఎడిటింగ్‌లో మొత్తం ఎగిరిపోయాడు. పీవ్స్ అంటే కొందరికి రామాయణంలో పిడకల వేట, కథకి పనికిరాడు అంటారు, నాకైతే వాడు లేని హాగ్వార్ట్స్ అల్లరి పిల్లాడు లేని క్లాస్‌రూమ్ లాగా చప్పగా ఉంటుంది.

ఇక అసలు చిక్కుముడి, నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైనది, కథ ఎవరి కళ్ళతో చెప్తున్నారు అన్నది. ఏడు పుస్తకాల్లో దాదాపు మొత్తం హ్యారీ బుర్రలోనే ఉంటాం మనం. మొదటి అధ్యాయం వెర్నన్ డర్స్లీతో మొదలవుతుంది, నాలుగో పుస్తకం ముసలి తోటమాలితో, ఆరోది బ్రిటన్ ప్రధానమంత్రి ఆఫీసులో, ఇలా వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని చోట్ల తప్ప హ్యారీ లేని గదిలో ఏం జరిగిందో మనకి తెలియదు. తలుపు సందులోంచి విన్నది, అదృశ్య వస్త్రం కప్పుకుని చూసింది, ఎవరో చెప్తే తెలిసింది, అంతే. అందుకే అతనికి తప్పుగా అర్థమైతే మనకీ తప్పుగానే అర్థమవుతుంది, మొదటి పుస్తకం మొత్తం స్నేప్ దొంగ అని మనం నమ్మడానికి కారణం ఇదే.

ఇది తెర మీద సీజన్ల తరబడి నిలబెట్టడం చాలా కష్టం, దానికి ఒక కారణం కళ కాదు, చట్టం. ఇంగ్లండ్‌లో పిల్లల నటన మీద 2014 నాటి రూల్స్ ఉన్నాయి, వాటి ప్రకారం తొమ్మిదేళ్ళు దాటిన బడి పిల్లలు సెట్‌లో రోజుకి 9.5 గంటలకి మించి ఉండకూడదు, అందులో నటన, రిహార్సల్ కలిపి 5 గంటలే, మధ్యలో విశ్రాంతి, పైగా చదువు కూడా సాగాలి. ఇప్పుడు హీరోకి పదకొండేళ్ళు, ప్రతి సీన్‌లో వాడు ఉండాలి, ప్రతి సీన్‌లో వాడి పక్కన ఉన్న ఇద్దరూ పిల్లలే. రెండున్నర గంటల సినిమా అయితే నెలల తరబడి ఎలాగో లాగొచ్చు, అదే ఒక సీజన్ అంటే దానికి మూడింతల నిడివి. మిగతా గంటల్లో యూనిట్ మొత్తం ఖాళీగా కూర్చోదు కదా, ఏం చేస్తారు? పెద్దవాళ్ళ సీన్లు తీస్తారు. స్టాఫ్‌రూమ్‌లో టీచర్లు, ఆఫీసులో డంబుల్డోర్, మంత్రిత్వ శాఖలో మాల్ఫోయ్ నాన్న, ఇంట్లో వీజ్లీ దంపతులు. కాబట్టి "పెద్దవాళ్ళ కథ ఎక్కువ చూపిస్తారంట" అనే పుకారు వినగానే నేను నమ్మేస్తాను, ఎవరు చెప్పారని కూడా అడగను, షెడ్యూల్ వేసే మనిషి ఎవరైనా అదే చేస్తారు.

దీనివల్ల ఒక నష్టం ఉంది, ఒక లాభం ఉంది. నష్టం ఏంటంటే స్నేప్‌ని ఒంటరిగా గదిలో చూపించారనుకోండి, అప్పుడు రెండే దారులు, నిజం చూపించాలి లేదా ప్రేక్షకుణ్ణి మోసం చేయాలి. అసలు దొంగ, టీచర్ క్విరెల్ తలపాగా విప్పుకునే రాత్రి కెమెరా ఎక్కడుండాలి? నాలుగో పుస్తకంలో మూడీ వేషంలో ఉన్నవాడు గదికెళ్ళి తలుపేసుకుంటే మనం లోపలుంటామా బయటుంటామా? హ్యారీ కళ్ళకి అంటిపెట్టుకుని ఉన్నంత కాలం ఈ సమస్యే లేదు, బయటికి ఒక్క అడుగేస్తే ప్రతి రహస్యానికీ కాపలా పెట్టాలి. లాభం ఏంటంటే, నిజాయితీగా చెప్పుకుందాం, ఈ రహస్యాలు ఇప్పుడు ఎవరికి తెలియవు? మొదటి పుస్తకం 1997లో వచ్చింది, ఆఖరిది 2007లో. స్నేప్ ఎవరి పక్షమో చూసేవాళ్ళలో ఎక్కువమందికి ముందే తెలుసు. అలాంటప్పుడు షాక్ ఇవ్వడం మానేసి, మనకి తెలిసి పాత్రలకి తెలియని విషయంతో ఆడుకోవడమే తెలివైన పని. మొదటి రోజు క్లాసులో అచ్చం తల్లి లిలీ కళ్ళలా ఉన్న హ్యారీ కళ్ళు చూసి స్నేప్ ఒక్క క్షణం ఆగాడనుకోండి, కొత్తగా చూసే పిల్లాడికి అది కోపం, మనకి అది వేరే. ఆ ఒక్క క్షణం కోసం నేను వెయిట్ చేస్తున్నా.

దీనికే ఇంకో ముఖం ఉంది. మొదటి సినిమా 2001లో వచ్చేసరికి నాలుగు పుస్తకాలే బయటికొచ్చాయి. అంటే సినిమా వాళ్ళు ముగింపు తెలియకుండా మొదలుపెట్టారు. పాత సినిమాల్లో స్నేప్ వేసిన ఆలన్ రిక్‌మన్‌కి మాత్రం రౌలింగ్ స్నేప్ గురించి ఒక చిన్న రహస్యం ముందే చెప్పారు, ఆయన దాన్ని మనసులో పెట్టుకుని ఏళ్ళ తరబడి నటించారు, మిగతావాళ్ళంతా చీకట్లో బాణాలు వేసినట్టే. దాని ఫలితాలు తర్వాత సినిమాల్లో వరసగా బయటపడ్డాయి, ఇవి చెప్పుకుంటూ పోతే రోజు చాలదు కానీ నాకు బాగా గుచ్చుకునేవి కొన్ని చెప్తాను.

మాంత్రికుల ఇళ్ళలో చాకిరీ చేసే హౌస్ ఎల్ఫ్ డాబీ సంగతి చూడండి. రెండో సినిమాలో, అంటే 2002లో కనిపించాడు, మళ్ళీ 2010లో ఏడో పుస్తకం మొదటి భాగం సినిమాలో వచ్చాడు, వచ్చిన సినిమాలోనే చనిపోయాడు. పుస్తకంలో అయితే మధ్యలో నాలుగో భాగంలో నీళ్ళలో ఊపిరాడేలా చేసే గిల్లీవీడ్ తెచ్చిచ్చింది డాబీ, అయిదో భాగంలో అవసరమైనప్పుడే ప్రత్యక్షమయ్యే గది సంగతి చెప్పింది డాబీ, సినిమాల్లో ఆ పనులు రెండూ హ్యారీ క్లాస్‌మేట్ నెవిల్‌కి ఇచ్చేశారు. అప్పట్లో అది చాలా చిన్న మార్పులా కనిపించి ఉంటుంది, ఒక గ్రాఫిక్స్ పాత్ర ఖర్చు మిగిలింది, నెవిల్‌కి పని దొరికింది, అందరూ హ్యాపీ. 2010లో సముద్రపు ఒడ్డున డాబీకి గొయ్యి తవ్వే సీన్ వచ్చేసరికి పుస్తకం చదవనివాళ్ళకి "ఎప్పుడో చూసిన బొమ్మ" చచ్చిపోయింది, చదివినవాళ్ళకి స్నేహితుడు పోయాడు. ఆ ఏడుపులో సగం పుస్తకానిదే, సినిమా దాన్ని అప్పు తెచ్చుకుంది.

అద్దం ముక్క ఇంకో ఉదాహరణ. హ్యారీ తండ్రి స్నేహితుడు సిరియస్ హ్యారీకి అద్దం ఇచ్చేది అయిదో పుస్తకంలో, ఆ సినిమాలో అది లేదు, ఏడో దాంట్లో మాత్రం హ్యారీ చేతిలో పగిలిన ముక్క ప్రత్యక్షం, ఎక్కడిదో ఎవరిచ్చారో చెప్పే దిక్కులేదు. మూడో సినిమాలో మాయా మ్యాప్ గీసిన నలుగురు ఎవరో చెప్పకుండా వదిలేశారు, అయిదో సినిమాలో "ప్యాడ్‌ఫుట్" అని హ్యారీ అరిస్తే అది ఆ నలుగురిలో ఒకడైన సిరియస్ మారుపేరని తెలియక సినిమాలు మాత్రమే చూసినవాళ్ళు ఆ పేరు ఎవరిదని అడగాలి. ఆరో సినిమాలో వోల్డెమార్ట్ గతం తాలూకు జ్ఞాపకాల్లో చాలావరకు తీసేశారు, అనాథాశ్రమమూ స్లగ్‌హార్న్‌తో మాటలూ మాత్రం ఉంచారు, దాంతో హార్క్రక్సులు, అంటే వాడు తన ఆత్మ ముక్కల్ని దాచుకున్నవి, ఏ వస్తువులు, ఎందుకు ఆ వస్తువులే అన్నది తెలిసే దారి మూసుకుపోయింది. మరి ఆఖరి సినిమాలో హ్యారీ వాటిని ఎలా కనిపెట్టాలి? చెవిలో ఏదో గుసగుస వినపడుతుంది, తలనొప్పి వస్తుంది, దొరికిపోతాయి. డిటెక్టివ్ కథ కాస్తా పూనకం కథ అయింది. అన్నట్టు ఆ జ్ఞాపకాలకి చోటు లేదన్న సినిమాలోనే, పుస్తకంలో లేని సీన్ ఒకటి రాసి వీజ్లీల ఇల్లు తగలబెట్టారు, తర్వాతి సినిమాలో పెళ్ళికి ఆ ఇల్లు మళ్ళీ చెక్కుచెదరకుండా నిలబడి ఉంది.

తప్పించుకున్నది ఒక్కటే, సిరియస్ ఇంట్లో హౌస్ ఎల్ఫ్ క్రీచర్. అయిదో సినిమాలో వాణ్ణి తీసేద్దామనుకున్నారు, రౌలింగ్ వద్దన్నారు, ముందు ముందు ఇబ్బంది పడతారని. అప్పటికి ఏడో పుస్తకం బయటికి రాలేదు, హార్క్రక్సుల్లో ఒకటైన లాకెట్ కథంతా క్రీచర్ నోటి నుంచే రావాలని ఆమెకి తప్ప ఎవరికి తెలుసు?

ఇలాంటి గొలుసు ప్రమాదం ఇప్పటి టీవీలోనూ జరుగుతోంది. హెచ్‌బీఓ వాళ్ళదే హౌస్ ఆఫ్ ది డ్రాగన్ అనే సిరీస్‌లో రాణి హెలైనా చిన్నకొడుకు మేలోర్‌ని అసలు పుట్టించకుండా వదిలేశారు. పుస్తకంలో హంతకులు వచ్చి ఇద్దరు కొడుకుల్లో ఎవర్ని చంపమంటావని తల్లినే అడుగుతారు, రెండో కొడుకే లేకపోతే ఆ ప్రశ్నే లేదు. 2024 సెప్టెంబర్‌లో ఆ పుస్తకం రాసిన మార్టిన్ తన బ్లాగులో దీని గురించి, ఒక పిల్లాణ్ణి తీసేస్తే ముందు సీజన్లలో ఏమేం కూలిపోతాయో వివరంగా రాశారు, ఆ పోస్ట్ కాసేపటికే మాయమైంది. రాసిన మనిషే అంత కలవరపడ్డారంటే ఫ్యాన్స్ అతి చేస్తున్నారని కొట్టిపారేయలేం. కొత్త పాటర్ టీమ్‌కి ఉన్న పెద్ద సుఖం ఇదే, ఏడు పుస్తకాలూ టేబుల్ మీదున్నాయి. ఏ మేకు పీకితే ఏ గోడ పడుతుందో ముందే తెలుసు. కాబట్టి ఈసారి అద్దం మర్చిపోతే, హౌస్ ఎల్ఫ్‌ల కథ వదిలేస్తే, అది తెలియక చేసిన తప్పు కింద రాదు.

రాన్ గురించి ఫ్యాన్స్ పెట్టుకున్న ఆశ మాత్రం చాలా న్యాయమైనది. ఎనిమిది సినిమాల్లో ఏడింటికి స్క్రీన్‌ప్లే స్టీవ్ క్లోవ్స్ రాశారు, హెర్మయొనీ అంటే తనకి ప్రత్యేకమైన ఇష్టమని ఆయనే చెప్పుకున్నారు, ఆ ఇష్టం ఎవరి జేబులోంచి పోయిందంటే రాన్ జేబులోంచి. మూడో పుస్తకంలో విరిగిన కాలుతో లేచి నిలబడి, హ్యారీని చంపాలంటే మమ్మల్ని కూడా చంపాలి అనేది రాన్, సినిమాలో ఆ మాట హెర్మయొనీది. మొదటి పుస్తకంలో డెవిల్స్ స్నేర్ తీగలు చుట్టుకుంటే మంట పెట్టడానికి కట్టెల్లేవని హెర్మయొనీ కంగారు పడుతుంది, నువ్వు మంత్రగత్తెవి కాదా అని అరిచి గుర్తుచేసేది రాన్. సినిమాలో ఆ అమ్మాయి ప్రశాంతంగా ఉంటుంది, రాన్ గింజుకుంటాడు. చూడటానికి హెర్మయొనీని పెద్ద చేసినట్టుంటుంది కానీ నిజానికి ఆమెకీ నష్టమే, ఎందుకంటే కంగారు, మొండితనం, రూల్స్ పిచ్చి తీసేస్తే మిగిలేది అన్నీ తెలిసిన ఒక బొమ్మ. రాన్ లేకపోతే హ్యారీకి మాంత్రికుల ఇళ్ళలో ఏం తింటారో ఏ మాట బూతో చెప్పేవాడు లేడు, ఆ పని కూడా సినిమాల్లో హెర్మయొనీయే చేసింది, లైబ్రరీ పుస్తకాల్లో చదివి. ఇది సరిచేయడానికి బడ్జెట్ అక్కర్లేదు, టైమ్ అక్కర్లేదు, ఎవరి డైలాగ్ వాళ్ళకి ఇచ్చేస్తే చాలు.

స్నేప్ కాస్టింగ్ మీద నడుస్తున్న గొడవ వేరే రకం, దాన్ని కొంచెం విడదీసి చూడాలి. పుస్తకంలో స్నేప్‌ది పాలిపోయిన చర్మం, జిడ్డు జుట్టు, కొక్కెం ముక్కు, ఎస్సియేడు నల్లజాతి నటుడు. దీని మీద వచ్చిన మాటల్లో ఒక పెద్ద వాటా శుద్ధ జాత్యహంకారం, ఆ మాటలకి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. కానీ నిజంగా కథ గురించి ఆలోచించేవాళ్ళు అడిగేది వేరే ప్రశ్న. అయిదో పుస్తకంలో స్నేప్ స్కూలు రోజుల జ్ఞాపకంలో హ్యారీ తండ్రి జేమ్స్, సిరియస్ కలిసి అతన్ని అందరి ముందు తలకిందులుగా వేలాడదీసి నవ్వుతారు. జేమ్స్ తెల్లవాడై స్నేప్ నల్లవాడైతే ఆ సీన్‌కి పుస్తకంలో లేని ఇంకో అర్థం వచ్చి కూర్చుంటుంది. దాన్ని చూడనట్టు పోతారా, జేమ్స్ పాత్రధారిని కూడా ఆలోచించి ఎంచుకుంటారా, లేక ఆ అర్థాన్నే నేరుగా కథలోకి తెస్తారా, మూడూ సాధ్యమే. మూడో దారి పడితే "చిన్నప్పుడు పొగరుగా ఉన్నాడు, తర్వాత మారాడు" అని జేమ్స్‌ని క్షమించడం ఇంకా కష్టమవుతుంది, అది తప్పు అనను, కానీ చాలా జాగ్రత్తగా రాయాలి.

అయితే ఈ గోలలో అందరూ మర్చిపోతున్న సంగతి వయసు. స్నేప్ 1960 జనవరిలో పుట్టాడు, హ్యారీ హాగ్వార్ట్స్‌కి వచ్చేసరికి అతనికి 31. రిక్‌మన్‌కి మొదటి సినిమా టైమ్‌కి 55. లిలీ, జేమ్స్ చనిపోయినప్పుడు వాళ్ళకి 21 ఏళ్ళు, మొదటి సినిమాలో మనసులో కోరికని చూపించే అద్దంలో కనిపించేది ముప్పైలు, నలభైలు దాటిన జంట. జేమ్స్ స్నేహితులు సిరియస్, లూపిన్ కూడా ముప్పైల్లో ఉండాల్సినవాళ్ళు, సిరియస్‌గా వేసిన గ్యారీ ఓల్డ్‌మన్‌కి అప్పటికి 45 దాటింది. నటన పరంగా ఎవర్నీ వంక పెట్టలేం, కానీ దానివల్ల కథ బరువు మారిపోయింది. ఇరవై ఒకటి అంటే కాలేజీ అయిపోయిన వయసు, ఆ వయసులో యుద్ధం, పెళ్ళి, బిడ్డ, చావు. స్నేప్ ద్వేషం కూడా ముసలి కక్ష కాదు, స్కూల్ వదిలి పదమూడేళ్ళే అయిన మనిషి అదే స్కూల్లో, అదే కారిడార్లలో, తనని ఏడిపించినవాడి పోలికలతో ఉన్న పిల్లాణ్ణి రోజూ చూడాల్సి రావడం. ఎస్సియేడు 1990లో పుట్టారు, అంటే వయసు పరంగా చూస్తే పుస్తకానికి ఈ స్నేప్ చాలా దగ్గర. రంగు గురించి వాదించేవాళ్ళు ఈ ముక్క ఎత్తరు.

దీంతోనే ముడిపడింది కాలం. పుస్తకంలో హాగ్వార్ట్స్ దయ్యం తలలేని నిక్ చనిపోయింది 1492లో, రెండో పుస్తకంలో అతని 500వ వర్ధంతి, అంటే 1992. హ్యారీ తల్లిదండ్రుల సమాధి మీద 1981 అని రాసి ఉంటుంది. లెక్క వేస్తే మొదటి పుస్తకం 1991లో మొదలవుతుంది. సినిమాలు దీన్ని పట్టించుకోలేదు, ఆరో సినిమాలో కూలిపోయే లండన్ మిలీనియం బ్రిడ్జి 2000లో కట్టింది. సిరీస్‌ని తొంభైల్లోనే పెడతారా అని ఫ్యాన్స్ తెగ లెక్కలేస్తున్నారు, నా లెక్క ప్రకారం పెట్టడమే సులువు. ఫోన్ ఉన్న పదకొండేళ్ళ పిల్లాడు నికొలస్ ఫ్లామెల్ ఎవరో తెలుసుకోవడానికి క్రిస్మస్ దాకా లైబ్రరీలో వెతకడు కదా. హాగ్వార్ట్స్‌లో కరెంటు వస్తువులు పనిచేయవని పుస్తకంలో సాకు ఉంది, నిజమే, కానీ సెలవుల్లో ఇంటికెళ్ళే హెర్మయొనీకి ఆ సాకు చెల్లదు.

కళ్ళ రంగు లాంటి చిన్న విషయాల మీద యుద్ధాలు చేసేవాళ్ళకి ఒక మాట. పుస్తకంలో హ్యారీ కళ్ళు ఆకుపచ్చ, సినిమాల్లో హ్యారీ వేసిన రాడ్‌క్లిఫ్‌కి ఆకుపచ్చ లెన్సులు పడలేదు, కళ్ళు మంట పుట్టాయి, అందుకే నీలం కళ్ళతో వదిలేశారు, కారణం అంతే. దానివల్ల నష్టం ఏమీ లేదు కూడా, కథకి కావాల్సింది ఆకుపచ్చ కాదు, తల్లీకొడుకుల కళ్ళు ఒకేలా ఉండటం. మరి ఆఖరి సినిమాలో చిన్నప్పటి లిలీ కళ్ళు గోధుమరంగులో ఎందుకున్నాయంటే, దానికి మాత్రం నా దగ్గర సమర్థన లేదు, అంత డబ్బున్నవాళ్ళు ఆ ఒక్క షాట్ సరిచేసి ఉండాల్సింది.

ఇక పుకార్లు ఎలా జల్లెడ పట్టాలి. సెట్ ఫోటో ఏం వేసుకున్నారో చెప్తుంది, ఎందుకు వేసుకున్నారో చెప్పదు, ఆ సీన్ ఎడిటింగ్ దాటి వస్తుందో లేదో అసలే చెప్పదు. లార్డ్ ఆఫ్ ది రింగ్స్ రెండో సినిమాకి హెల్మ్స్ డీప్ కోట యుద్ధంలో, పుస్తకంలో అక్కడ లేని ఆర్వెన్ అనే రాకుమారిని పెట్టి షూట్ చేశారు, ఆ సంగతి బయటికి పొక్కి పుస్తకాల అభిమానులు మండిపడ్డారు, చివరికి సినిమాలో ఆమె ఆ యుద్ధంలో లేదు. అప్పుడు ఎవరైనా ఫోటో చూసి "ఆర్వెన్ యోధురాలంట" అని రాసి ఉంటే అది అబద్ధం కాదు, అలాగని నిజమూ కాలేదు. అందుకే "ఫలానా సీన్ తీశారు" అన్న వార్త కంటే "ఫలానా పాత్రకి నటుణ్ణి తీసుకున్నారు" అన్న అధికారిక ప్రకటన ఎక్కువ చెప్తుందని నా నమ్మకం. ముఖ్యంగా చిన్న పాత్రలకి. ఏడో పుస్తకంలో మాత్రమే పనికొచ్చే మనిషిని ముందు సీజన్లలోనే ప్రకటించారంటే రాసేవాళ్ళు చివరి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటున్నారని అర్థం.

నా పందెం కూడా రాసి పెడతాను, తర్వాత మీరే వచ్చి తిట్టొచ్చు. పుస్తకంలో లేని మొదటి పెద్ద సీన్‌లో పిల్లలెవరూ ఉండరు. రాత్రి పూట స్టాఫ్‌రూమ్, మెక్‌గోనగల్ పేపర్లు దిద్దుతూ ఉంటుంది, స్నేప్ కిటికీ దగ్గర నిలబడి ఉంటాడు, కొత్తగా వచ్చిన పాటర్ కుర్రాడి గురించి ఇద్దరూ రెండు ముక్కలు మాట్లాడుకుంటారు. మర్నాడు ఫ్యాన్స్ సగం మంది ఇది పుస్తకంలో ఏ పేజీలో ఉందని నిలదీస్తారు, మిగతా సగం మంది స్నేప్ మొహం ఫ్రీజ్ చేసి వంద స్క్రీన్‌షాట్లు పెడతారు. ఆ సీన్ తీసిన టైమ్‌కి హ్యారీ వేసే కుర్రాడు ఏ ట్యూషన్ గదిలోనో లెక్కలు చేసుకుంటూ ఉంటాడు.